సీసాలో పిడుదు

ముందుగా ఒక మనవి. ఈ ప్రసంగం అయ్యేలోపు మీకు మెడమీదో మోకాలి వెనకో దురద పుట్టొచ్చు. కంగారుపడకండి. పిడుదుల సంగతి ఎత్తితే చాలు, వినేవాళ్ళు గోక్కోవడం మొదలుపెడతారు. ముప్పయ్యేళ్ళ సర్వీసులో ప్రతి రైతు సమావేశంలోనూ చూశానీ వింత. నేను పశువుల డాక్టర్ని. ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి వైపు పల్లెల్లో గేదెల్నీ ఆవుల్నీ చూసి రిటైరైనవాణ్ణి. మనుషుల జ్వరాల గురించి మాట్లాడ్డానికి ఈయనెవరు అని మీరు అనుకుంటే తప్పులేదు, నేనూ అలాగే అనుకున్నాను. దీనంతటికీ కారణం, హోమియో గోళీల సీసాలో నా చేతికొచ్చిన ఒక పిడుదు.

రెండేళ్ళ కిందటి మాట. వరికోతలు అయిపోయి, మాగాణుల్లో మినుము మొలకెత్తుతున్న రోజులు. మా ఊరి హైస్కూల్లో ఎన్నెస్సెస్ శిబిరం పెట్టారు. విజయవాడ నుంచి కాలేజీ పిల్లలు యాభైమంది, ఏడు రోజులు. పొద్దున శ్రమదానం, మధ్యాహ్నం ఇంటింటి సర్వే, సాయంత్రం పాటలూ నాటికలూ. ఒక రోజు పశువుల వైద్యశిబిరం పెట్టుకుని, రిటైరై ఊళ్ళోనే ఉన్నాను గదా అని నన్నూ పిలిచారు. గేదెలకి మందులు పోసి చేతులు కడుక్కుంటుంటే ఒకమ్మాయి వచ్చి సీసా చేతిలో పెట్టింది.

"సార్, ఇది నా చీలమండ దగ్గర కరిచిపట్టుకుని ఉంది. పీకి ఇందులో వేశాను. దీన్ని ఎక్కడికి పంపాలి?"

"పంపడమేంటమ్మా?"

"టెస్టుకి సార్. న్యూజెర్సీలో మా పెద్దమ్మ కొడుకు స్కౌట్స్‌లో ఉన్నాడు. క్యాంపు నుంచి రాగానే వాణ్ణి నిలబెట్టి నెత్తి నుంచి కాలివేళ్ళ దాకా వెతుకుతారంట. పిడుదు దొరికితే పారెయ్యరంట. ల్యాబ్‌కి పంపిస్తే దానికి జబ్బుందో లేదో చెప్తారంట."

పక్కనే గేదె పలుపు పట్టుకుని నిలబడ్డ రైతు ఒకాయన, "పిడుదుకి జబ్బేంటమ్మా, జబ్బు మా గేదెకి గానీ" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వేవాణ్ణే, ఆ పిల్ల మొహం చూసి ఆగిపోయాను. నిజంగా తెలుసుకోవాలని అడిగిందది. సరైన జవాబు చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. అప్పుడు చెప్పిందే కాస్త పెంచి ఇప్పుడు మీకు చెబుతున్నాను.

పిడుదు అంటే ఏమిటో పల్లెవాళ్ళకి చెప్పక్కర్లేదు. కొన్ని ఊళ్ళల్లో గోమారి అంటారు. పట్నంలో పెరిగినవాళ్ళ కోసం చెబుతున్నాను: అది కీటకం కాదు. కీటకాలకి ఆరు కాళ్ళు, పెద్ద పిడుదుకి ఎనిమిది. సాలీడుకీ తేలుకీ చుట్టం. చర్మంలోకి ముట్టె దించి రోజుల తరబడి కదలకుండా నెత్తురు తాగుతుంది. మినపగింజంత ఉన్నది ఉబ్బి చింతగింజంత అవుతుంది. పశువుల మీద ఉండే రకమైతే కడుపునిండా తాగి నేలమీద రాలి, రెండు మూడువేల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది.

పిడుదు కరిస్తే జబ్బు వస్తుందని మా రైతులకి ఏ శాస్త్రవేత్తా చెప్పక్కర్లేదు. సంకరజాతి ఆవుకి ఎర్రమూత్రం పడితే మొదట చూసేది పొదుగు చుట్టూ, చెవుల లోపలా పిడుదులున్నాయా అనే. గేదెకి ఈ బాధ తక్కువ. ఎందుకంటే అది రోజూ బురదలో పొర్లుతుంది. ఎండిన బురద పెచ్చు పిడుదుని పట్టు దొరకనివ్వదు. ఒంగోలు జాతి ఎద్దులకీ పిడుదుల బెడద తక్కువే. వాటిని ఓడల్లో బ్రెజిల్ పట్టుకెళ్ళి అక్కడివాళ్ళు 'నెలోరె' అని మన నెల్లూరు పేరే పెట్టుకున్నారు. ఇవాళ ఆ దేశపు పశుసంపదలో పెద్ద భాగం వాటి సంతానమే. ఎండకీ పిడుదుకీ తట్టుకోవడం వాటికి దొరికిన ఆదరణకి ఒక ముఖ్య కారణం. పశువుల డాక్టరు నోట ఒంగోలు జాతి మాట రాకుండా ప్రసంగం అవదు గనక చెప్పాను, క్షమించండి.

ఇక అమ్మాయి ప్రశ్న. పిడుదుని కోసి చూస్తే లోపలున్న జబ్బు తెలుస్తుందా? తెలుస్తుంది. తెలిసి చాలా కాలమైంది కూడా. పశువులకి టెక్సాస్ జ్వరం పిడుదుల వల్ల వస్తోందని థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు అమెరికన్లు 1893లో అచ్చువేసి చూపించారు. మన ఎర్రమూత్రం జబ్బు అదే. ఒక జీవి కాటుతో జబ్బు ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకుంటుందన్నందుకు దొరికిన తొలి గట్టి రుజువుల్లో అదొకటి. ఆ ఇద్దరిలో కిల్‌బోర్న్ పశువైద్యుడు. ఆ మాట నేను కొంచెం గట్టిగా చెబుతాను, ఏమనుకోకండి.

నాలుగేళ్ళ తరవాత అదే పని మన గడ్డమీద జరిగింది. సికింద్రాబాద్ బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమల పొట్టలు కోస్తూ కూర్చున్నాడు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమల చేత కుట్టించి, కుట్టిన ఒక్కో దోమకీ ఒక అణా చొప్పున ఇచ్చాడు. 1897 ఆగస్టు 20న ఒక దోమ పొట్టగోడలో మలేరియా క్రిమి కనబడింది. ఆ భవనం ఇప్పటికీ ఉంది. కాబట్టి పురుగుని పట్టి పరీక్షించడమన్నది అమెరికా నుంచి మనం కొత్తగా నేర్చుకోవాల్సిన విద్య కాదు. మన ఇంట్లోనూ పెరిగిన విద్యే.

ఇంకో కథ చెప్పాలి, స్కౌట్ కుర్రాడి దేశంలోది. కనెక్టికట్ రాష్ట్రంలో లైమ్ అనే చిన్న ఊరు. 1975 ప్రాంతాల్లో అక్కడి పిల్లలకి మోకాళ్ళు వాచిపోతుంటే తల్లులు డాక్టర్ల వెంటపడ్డారు. ఏమిటో ఎవరికీ తెలియలేదు. 1981లో విల్లీ బర్గ్‌డార్ఫర్ అనే శాస్త్రవేత్త వేరే జబ్బు కోసం జింక పిడుదుల్ని కోస్తుండగా వాటి పేగుల్లో మెలికలు తిరిగిన సూక్ష్మజీవులు కనిపించాయి. లైమ్ జబ్బు గుట్టు అలా బయటపడింది. ఆయన బాగా వాడిన పద్ధతి ఒకటి ఉంది. బతికున్న పిడుదు కాలి చివర తుంచితే చిన్న నీటిబొట్టు వస్తుంది. దాన్ని గాజుపలక మీద అద్ది, రంగు వేసి మైక్రోస్కోపులో చూడ్డమే. మేమూ చదువుకునే రోజుల్లో పశువుల పిడుదుల మీద అదే చేశాం. నా వరకు నాకు పిడుదుకంటే నా వేలే ఎక్కువసార్లు తెగింది.

ఇప్పుడు ఆ పద్ధతుల స్థానంలో పీసీఆర్ వచ్చింది. కరోనా పుణ్యమా అని ఆ మాట మనందరికీ తెలుసు. అమెరికా సైన్యం ఏళ్ళ తరబడి ఒక ఏర్పాటు నడుపుతోంది. సైనికుడి ఒంటి మీంచి తీసిన పిడుదుని చిన్న డబ్బాలో పెట్టి పంపితే, ఏ జాతిదో, అందులో ఏ క్రిములున్నాయో చూసి చెబుతారు. అక్కడి స్కౌట్ల జాతీయ జాంబొరీ 1981 నుంచి 2010 దాకా జరిగింది వర్జీనియాలో ఒక సైనిక శిబిరం మైదానాల్లోనే. వేలమంది పిల్లలు అడవి అంచున గుడారాలు వేసుకుని పడుకునే చోట పిడుదుల మీద కన్నేసి ఉంచడం వాళ్ళకి అలవాటైన పనే.

సరే, అంత దూరం వెళ్ళాం గదా, అక్కడి పెద్దలు ఏమంటున్నారో వినండి. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ, సీడీసీ అంటాం, అది జనానికి చెప్పేదొక్కటే: మిమ్మల్ని కరిచిన పిడుదు పరీక్ష ఫలితాన్ని పట్టుకుని వైద్యం చేయించుకోవద్దు. ఎందుకు? పిడుదులో క్రిమి ఉన్నంత మాత్రాన అది మీలోకి దిగిందని కాదు. లైమ్ జబ్బు క్రిమి దిగాలంటే పిడుదు మామూలుగా ఒక రోజుకి పైగానే పట్టుకుని ఉండాలి. ఆ లోపే పీకేస్తే ప్రమాదం బాగా తగ్గిపోతుంది. ఇక పిడుదులో ఏమీ లేదని రిపోర్టు వస్తే మనం గుండెమీద చెయ్యేసుకుని నిద్రపోతాం. కానీ అడవిలో తిరిగినవాణ్ణి ఒక్క పిడుదే కరిచిందని ఎవరు చెప్పగలరు? కనబడిందాన్ని సీసాలో పెట్టాం, కనబడకుండా కరిచి రాలిపోయిందాని సంగతేంటి? పైగా రిపోర్టు వచ్చేసరికి జ్వరం రానే వస్తుంది.

అలాగని పిడుదుని పరీక్షించడం దండగని కాదు. పిడుదుల్ని పట్టి చూస్తే ఒక ప్రాంతం గురించి తెలుస్తుంది, ఒక మనిషి గురించి తెలియదు. ఫలానా కొండవాలులో ఫలానా జబ్బు తిరుగుతోందా, ఫలానా మైదానంలో గుడారాలు వెయ్యొచ్చా అన్నవాటికి జవాబు దొరుకుతుంది. 'నాకు జ్వరం వస్తుందా' అన్నదానికి దొరకదు. ఆ అమ్మాయి అడిగింది రెండోది.

అయినా సీసా ఇంటికి తీసుకెళ్ళి నా పాత భూతద్దం కింద పెట్టాను. గోధుమరంగు, ఒంటిమీద ఏ చుక్కలూ లేవు. కుక్క పిడుదు. పశువుల మీద మనం మామూలుగా చూసే రకం పుట్టింది మొదలు కడుపు నిండేదాకా ఒకే పశువుని అంటిపెట్టుకుని ఉంటుంది, అందుకే జీవితమంతా పాలు పితికినవాళ్ళని కూడా అది కరవడం అరుదు. కుక్క పిడుదు అలా కాదు. ప్రతి దశలోనూ కిందికి దిగి, గోడల నెర్రెల్లో దాక్కుని, మళ్ళీ ఎక్కుతుంది. అంటే సంగతి కుక్కల దగ్గరుంది. మర్నాడు పొద్దున్నే స్కూలుకి వెళ్ళి చూశాను. మగపిల్లలు పడుకునే వరండాలోనే మధ్యాహ్నం మూడు ఊరకుక్కలు పడుకుంటున్నాయి. గోడ పగుళ్ళలో వేలు పెట్టక్కర్లేకుండానే పిడుదులు కనిపిస్తున్నాయి. పడకలు అక్కణ్ణుంచి మార్పించి, నెర్రెలు సిమెంటుతో పూడ్పించాం. ఆ సీసా వల్ల ఒరిగిందంటే ఇదే. చిన్నదేమీ కాదు. కుక్క పిడుదు మోసే జ్వరం ఒకటి మన దేశంలో ఉంది, ఇండియన్ టిక్ టైఫస్ అంటారు. జ్వరంతోపాటు అరచేతుల్లో, అరికాళ్ళలో కూడా ఎర్రటి పొక్కులు వస్తాయి.

పెద్ద పేరున్న పిడుదు జ్వరం మన పక్క రాష్ట్రంలో ఉంది. కర్ణాటకలో శివమొగ్గ దగ్గర క్యాసనూరు అడవిలో 1957లో కోతులు రాలిపోవడం, ఆ వెంటనే కట్టెలకీ ఆకులకీ వెళ్ళినవాళ్ళు జ్వరంతో పడిపోవడం. పడమటి కనుమల్లో ట్రెక్కింగులకి వెళ్ళే మన కుర్రాళ్ళు క్యాసనూరు అన్న పేరు గుర్తుపెట్టుకోవాలి. డెల్టాలో ఆ అడవీ లేదు, ఆ కోతుల కథా లేదు.

అయితే మనకి భయమే లేదా?

ఇక్కడే నాకు మూడు రోజులు పట్టింది. ఆ అమ్మాయి అడిగిన పిడుదు గురించి ఆలోచిస్తూ శిబిరంలో తిరుగుతుంటే, పిల్లలు చేస్తున్న పని కళ్ళబడింది. శ్రమదానం. పంటకాలవ గట్టు మీద తుప్పలు నరుకుతున్నారు. మోకాలి దాకా పైకి మడిచిన ప్యాంట్లు, కాళ్ళకి హవాయి చెప్పులు. అలిసిపోయినవాళ్ళు గట్టు పక్కనున్న గడ్డివాముకి వీపు ఆనించి కూర్చున్నారు. ఒకడైతే హాయిగా పడుకుని పాట పాడుతున్నాడు. ఆ గట్టు నిండా ఎలుక కన్నాలు.

స్క్రబ్ టైఫస్ అనే పేరు ఈ మధ్య మీరు తరచుగా వినే ఉంటారు. 2025 చివర్లో మన రాష్ట్రంలో కేసులు వెయ్యి దాటేసరికి పేపర్లూ టీవీలూ హోరెత్తించాయి, కొత్త జబ్బేదో ఊడిపడ్డట్టు. కొత్తదేం కాదు. రెండో ప్రపంచయుద్ధంలో బర్మా, అస్సాం అడవుల్లో సైనికుల్ని వేలల్లో పడగొట్టింది ఇదే. స్క్రబ్ అంటే తుప్పలు, పొదలు. తుప్పల జ్వరం అన్నమాట. మన పిల్లలు శ్రమదానమని దేన్ని నరుకుతున్నారో దాని పేరే జబ్బుకి ఉంది.

దీన్ని మోసేది పిడుదు కాదు, దాని చిన్న చుట్టం. మిరప రైతులు ఎర్రనల్లి అంటారే, ఆ తరహా జీవి. మంచాల నల్లి కాదు సుమా. అందులోనూ పెద్దది కాదు, గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్ల. మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటుంది. కరిచినా తెలియదు, కంటికి కనపడదు. జీవితంలో ఒక్కసారే కరుస్తుంది, తరవాత నేలలో పెరిగి పెద్దదై మనుషుల జోలికే రాదు. క్రిమి దానికి ఎక్కువగా తల్లి నుంచే వస్తుంది, గుడ్డులో ఉండగానే. ఈ పురుగుకి ఇష్టమైన తావు ఎలుక చెవి. చెవి డొప్పలో నారింజరంగు పొడి చల్లినట్టు గుంపుగా అతుక్కుని ఉంటాయి.

ఇప్పుడు చెప్పండి, ఈ పురుగుని ఎవరు ప్లక్కర్‌తో పీకి సీసాలో పెడతారు? న్యూజెర్సీ పద్ధతి ఇక్కడ పనిచెయ్యదు. కరిచిన పురుగు దొరకదు. అయితే దాన్ని మోసుకు తిరిగే ఎలుక దొరుకుతుంది. ఎలుకల విషయంలో మన డెల్టాకి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. వరి పొట్ట దశలో ఒక్క రాత్రిలో చేనంతా కొరికి పారేసే పందికొక్కు జాతి ఎలుకలు మనవి. వాటి మీద పరిశోధనకి పశ్చిమ గోదావరి మార్టేరులో ఒక విభాగమే ఉంది. ఊరంతా ఒకే రోజు మందు పెట్టే సామూహిక ఎలుకల నిర్మూలన మన వ్యవసాయశాఖకి ఏటేటా ఉండే పని. ఇక బుట్టలు పెట్టి ఎలుకల్ని పట్టే యానాదుల పనితనం చూసి తీరాలి. కన్నం చూసి లోపల ఎలుక ఉందో లేదో, ఏ దారిన వస్తుందో చెబుతారు.

స్క్రబ్ టైఫస్ లెక్క తీసే పద్ధతి కూడా ఎలుక బుట్ట దగ్గరే మొదలవుతుంది. ఒక చోట కొన్ని ఎలుకల్ని పట్టి, చెవులు దువ్వి, ఎన్ని పురుగులున్నాయో లెక్కపెట్టి, ఎలుకకి సగటు ఎంతో చూస్తారు. అది 0.69 దాటితే ఆ తావు మీద దృష్టి పెట్టాలని ఒక గుర్తు. పురుగుల్ని కలిపి నూరి పీసీఆర్ చేస్తే క్రిమి ఉందో లేదో కూడా తెలుస్తుంది. అంటే అమ్మాయి అడిగిన పరీక్ష మన దగ్గరా ఉంది, కాకపోతే దాని జాగా వేరు, వేళ వేరు. కరిచాక కాదు, గుడారం వెయ్యకముందు. పిల్ల కాలిమీద కాదు, కాలవగట్టు మీద.

నా మనసులో ఉన్నది చెప్పేస్తాను. శిబిరం పెట్టేముందు మనం ఏం చూస్తాం? మైకుందా, మరుగుదొడ్డి ఉందా, వంటవాడు దొరికాడా, ముఖ్య అతిథి వస్తానన్నారా. ఈ నాలుగో దానికి పట్టేంత టైము మిగతావన్నీ కలిపినా పట్టదు. గట్టు మీద ఎలుక కన్నాలున్నాయా అని చూసినవాణ్ణి నేను ఇంతవరకు చూళ్ళేదు. ఎన్‌సీసీ వాళ్ళు కొంత నయం, బూట్లూ పొడుగు ప్యాంట్లూ వాళ్ళకి తప్పనిసరి. ఆ ఖాకీ ప్యాంటు క్రమశిక్షణ కోసమనుకుంటాం గానీ తుప్పల్లో అదే కవచం. మూలపాడు సీతాకోకచిలకల పార్కుకీ, కొండపల్లి అడవికీ ఆదివారాలు నడకకి వెళ్ళే బెజవాడ బృందాలు మాత్రం నిక్కర్లతో బయల్దేరుతున్నాయి. ఫొటోలు బాగానే వస్తాయి.

2028లో కృష్ణా పుష్కరాలు వస్తాయి. 2016లో పుష్కరాలు ఆగస్టు 12 నుంచి 23 దాకా జరిగాయి, వానాకాలం, ఎటు చూసినా పచ్చగడ్డి. ఘాట్లలో సేవకి వచ్చే స్కౌట్లూ గైడ్లూ ఎన్నెస్సెస్ పిల్లలూ వేలల్లో ఉంటారు. వాళ్ళు పడుకునే మైదానాల్లో ఒక నెల ముందు పది బుట్టలు పెట్టి పది ఎలుకల చెవులు చూడ్డానికి ఎంత ఖర్చవుతుంది? పురుగుల్ని గుర్తుపట్టడానికి గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, క్రిమి పరీక్షకి విజయవాడలోనే వైద్య కళాశాల ఉంది. రెండింటికీ మధ్య బస్సులో గంట ప్రయాణం. ఆ గంట దూరం మన శాఖల మధ్య మాత్రం చాలా ఎక్కువ. పశువుల వాళ్ళం మేం పిడుదు చూస్తాం, మనుషుల డాక్టర్లు జ్వరం చూస్తారు, వ్యవసాయం వాళ్ళు ఎలుకని చూస్తారు. ముగ్గురం ఒక బల్ల దగ్గర కూర్చున్నది నా సర్వీసు మొత్తంలో నాకు గుర్తులేదు.

ఇక శిబిరం నుంచి ఇంటికొచ్చాక సంగతి. దయచేసి ఈ భాగం పిల్లల్ని పిలిచి వినిపించండి.

స్క్రబ్ టైఫస్ కరిచిన వెంటనే రాదు. మామూలుగా పది పన్నెండు రోజులు, ఒక్కోసారి ఆరు రోజులకే, ఒక్కోసారి మూడు వారాలకి. అప్పటికి శిబిరం సర్టిఫికెట్లు పంచేసి, ఫొటోలు పెట్టేసి, అందరూ మర్చిపోయి ఉంటారు. విపరీతమైన తలనొప్పి, చలి, జ్వరం, ఒళ్ళునొప్పులు. రక్తపరీక్ష చేస్తే ప్లేట్‌లెట్లు తగ్గి ఉండొచ్చు. ప్లేట్‌లెట్లు అనగానే బెజవాడలో ఇంటిల్లిపాదీ డెంగీ అని నిర్ణయించేసి బొప్పాయి ఆకు దంచడం మొదలుపెడతారు. డెంగీ కావచ్చు కూడా. కానీ బట్టలు విప్పించి ఒళ్ళంతా ఒకసారి చూశారా? చంకలో, గజ్జల్లో, మొలతాడు కట్టే చోట, మోకాలి వెనక, ఆడపిల్లలకైతే లోదుస్తుల పట్టీ బిగిసే చోట. సిగరెట్టుతో కాల్చినట్టు ఒక నల్లటి పెచ్చు, చుట్టూ ఎరుపు. నొప్పుండదు, దురదుండదు, అందుకే ఎవరూ చెప్పరు. డాక్టర్లు దాన్ని ఎస్కార్ అంటారు. అందరికీ రాదు. వస్తే మాత్రం అంతకన్నా తేలిగ్గా జబ్బు గుర్తుపట్టే దారి లేదు. సిగ్గుపడి డాక్టరుకి చూపించని పిల్లలు ఉంటారు. తల్లులే అడగాలి.

రక్తంలో ఎలైజా పరీక్ష ఉంది గానీ జ్వరం వచ్చిన మొదటి నాలుగైదు రోజుల్లో అది చాలాసార్లు ఏమీ చూపించదు. అనుభవమున్న డాక్టర్లు అనుమానం గట్టిగా ఉంటే రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెడతారు. ఈ క్రిమి మన కణాల లోపల దాక్కుంటుంది గనక పెన్సిలిన్ జాతి మందులు ఎంత ఖరీదైనవైనా దాన్ని తాకలేవు. తాకేది డాక్సీసైక్లిన్, పాత మందు, చవక మందు. చాలామందికి రెండు రోజుల్లోనే జ్వరం దిగిపోతుంది. ఎవరికి ఎంత, ఎన్ని రోజులు అన్నది, గర్భిణులకి ఏ మందన్నది డాక్టరు చెప్పాలి. మెడికల్ షాపుకి వెళ్ళి రేడియోలో చెప్పారని అడక్కండి. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దాకా పోయి ప్రాణం మీదికి వస్తుంది. ఒకరి నుంచి ఒకరికి మాత్రం అంటుకోదు, కాబట్టి జ్వరమొచ్చిన పిల్లవాడి కంచం విడిగా పెట్టకండి.

డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ల కుటుంబంలోది. ఆ కుటుంబంలో పెద్దన్న ఆరియోమైసిన్. 1948లో అది లోకానికి వచ్చేటప్పటికి దాన్ని కనిపెట్టిన లెడర్లీ కంపెనీలో పరిశోధనకి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది ఆగస్టులో ఆయన పోయారు.

డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఒక్క వాక్యం చెప్పండి. "పదిరోజుల కిందట క్యాంపుకి వెళ్ళొచ్చాం, తుప్పలు కొట్టాం, గడ్డిలో కూర్చున్నాం." జ్వరంతో వచ్చినవాడు జ్వరం గురించే చెబుతాడు, పదిరోజుల కిందటి సంగతి ఎందుకు చెబుతాడు? డాక్టరు అడిగితే చెబుతాడు. ఓపీలో వందమంది నిలబడి ఉంటే అడిగే తీరికేదీ? పిడుదుని సీసాలో పెట్టి తీసుకెళ్ళినదానికంటే ఆ వాక్యం పట్టుకెళ్ళడమే మీ బిడ్డకి ఎక్కువ పనికొస్తుంది. శిబిరం నడిపేవాళ్ళ దగ్గర పిల్లల ఫోను నంబర్లు ఉండనే ఉంటాయి. మూడు వారాలపాటు వారానికోసారి, "ఎవరికైనా జ్వరం వచ్చిందా" అని ఒక్క మెసేజీ పెడితే చాలు.

పిడుదు కరిచి ఉంటే ఏం చెయ్యాలో కూడా చెప్పి ముగిస్తాను. కిరసనాయిలు పొయ్యకండి, సున్నం రాయకండి, బీడీ ముట్టించి అంటించకండి. బాధ పెడితే అది లోపలున్నది కక్కే ప్రమాదం ఉంది. కనుబొమ్మలు తీర్చుకునే ప్లక్కర్‌తో చర్మానికి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గర పట్టుకుని, మెలి తిప్పకుండా నెమ్మదిగా పైకి లాగండి. సబ్బుతో కడగండి. పిడుదుని గోరుతో నొక్కి చంపకండి. సీసాలో వేసి మూత పెట్టి, తేదీ రాసి ఉంచుకుంటారా, ఉంచుకోండి. తరవాత జ్వరం వస్తే ఏ రోజు కరిచిందో చెప్పడానికి ఆ చీటీ అయినా అక్కరకొస్తుంది.

ఆ అమ్మాయికి ఇదంతా శిబిరం ఆఖరి రోజు చెప్పాను. చెప్పి ఊరుకోలేకపోయాను. మా ఇంట్లో ఉన్న థర్మామీటరు ఇచ్చి, రోజూ సాయంత్రం చూసుకోమన్నాను. మూడు వారాలపాటు రోజూ ఏడింటికి ఫోను చేశాను. మా ఆవిడ ఒకటే నవ్వు, కన్నకూతురుకి కూడా ఇన్నిసార్లు చెయ్యలేదని. ఇరవై ఒకటో రోజు నేను చెయ్యకముందే ఆ పిల్లే చేసింది.

"సార్, ఇవాళ్టితో అయిపోయినట్టేగా? పక్కింటి పిన్నిగారి బాబుకి ఒళ్ళు కాలిపోతోందంట, థర్మామీటరు వాళ్ళకి ఇవ్వనా?"

"ఇవ్వమ్మా," అన్నాను. "ఇచ్చేటప్పుడు వాడు ఈమధ్య ఎక్కడికెళ్ళొచ్చాడో కూడా అడుగు."